రూతమ్మకు చదువు రాదని రుజువు

“నా బిడ్డ చదువుకి నా చదువే అడ్డం పడుద్దేమోనయ్యా,” అంది రూతమ్మ.

అప్పటికింకా ఏమీ జరగలేదు. ఆమె మొగుడు దానియేలు అన్నంలో చింతాకు పప్పు కలుపుకుంటున్నాడు. కూతురు కరుణశ్రీ గడపలో కూర్చుని జడ వేసుకుంటోంది. పదో తరగతిలో ఆ పిల్లకు ఆరువందలకు ఐదువందల అరవై ఒకటి వచ్చాయి. జిల్లా కేంద్రంలో కొత్తగా పెట్టిన ఆడపిల్లల వసతి కళాశాలలో సైన్సు సీటు కూడా వచ్చింది. ఇంకెవరైనా అయితే ఊరంతా బెల్లం ముక్కలు పంచేవారు. రూతమ్మ మాత్రం మార్కులు రాకముందు పిల్ల తప్పుతుందేమోనని భయపడింది; వచ్చాక, ఇన్ని వచ్చాయంటే ఎక్కడో కూడికలో పొరపాటు జరిగిందని, మళ్ళీ కూడితే తగ్గుతాయని భయపడింది. భయం ఆమెకు ఒంటి మీది చీర లాంటిది. రోజుకొకటి మారుతుందే గాని, లేకుండా గడప దాటదు.

“నీకేం చదువుందే? మూడో తరగతి,” అన్నాడు దానియేలు.

“మూడా? దానితో పాటు నాదీ పది అయిపోయింది గదా.”

అది నిజమే. నల్లరాళ్ళపాలెం పలకల ఊరు. చుట్టూ ఉన్న గనుల్లో నల్లరాయి తవ్వి, పొరలుగా చీల్చి, కోసి, అరగదీసి, చెక్క చట్రంలో బిగిస్తారు. ఎక్కడెక్కడి పిల్లలో అక్షరాలు దిద్దుకునే పలకలు ఇక్కడ తయారవుతాయి. తయారుచేసేవాళ్ళు వేలిముద్రలు వేస్తారు. రూతమ్మది ఫ్యాక్టరీలో చివరి బల్ల. పలక చేతికి రాగానే అరచేత్తో తుడవాలి, వేలి కణుపుతో అంచు మీద కొట్టి మోత వినాలి, బలపంతో ఒక గీత గీసి చూడాలి, చెరిపి పక్కన పెట్టాలి. గీత చాలని మేస్త్రీ చెప్పాడు. పన్నెండేళ్ళు గీతలే గీయాలంటే ఏ మనిషికైనా విసుగే. గీత బదులు ‘అ’ రాసింది. తర్వాత ‘ఆ’ రాసింది. కరుణశ్రీ బడికి వెళ్ళడం మొదలుపెట్టాక, రాత్రి పిల్ల పైకి చదివిన పాఠం పొద్దున పలకల మీద రాసి, చెరిపి, పంపేది. ఏ ఊరి పిల్లవాడైనా తన కొత్త పలక మీద మొదటి అక్షరం తానే రాశాననుకుంటాడు. పాపం, వాడికి తెలియదు.

ఇప్పుడు ఆ విసుగే మెడకు చుట్టుకుంది.

కరుణశ్రీకి వచ్చిన సీటు ‘తొలి అక్షరం’ పథకం కిందది. తరతరాలుగా చదువుకు దూరంగా ఉంచిన కులాల ఇళ్ళలోకి వెలుగు తీసుకురావడం ఆ పథకం ఉద్దేశం. చీకటి ఎంత చిక్కగా ఉంటే దీపం అంత బాగా కనబడుతుంది గనక, పిల్ల తల్లికి ఒక్క అక్షరం కూడా రాకూడదని రాజధానిలో పెద్దలు మూడు రోజులు చర్చించి తేల్చారు. తండ్రి సంగతి పట్టించుకోలేదు. తల్లికి చదువు రాకపోవడమే అసలైన రాకపోవడమని ఏవో అధ్యయనాల్లో రుజువైందట.

పథకం ప్రారంభించడానికి ప్రాజెక్టు డైరెక్టరు నిఖిలేశ్వర్ గారే ఊళ్ళోకి వచ్చారు. చిన్నవయసు, బంగారు రంగు ఫ్రేము కళ్ళజోడు, మెత్తని మాట. షామియానా కింద నిలబడి, కాగితం చూస్తూ, “మాతృమూర్తులారా, మీ అజ్ఞానమే మీ బిడ్డలకు అర్హత,” అని మొదలుపెట్టి పావుగంట మాట్లాడారు. అందరూ చప్పట్లు కొట్టారు. సభ అయ్యాక కుర్చీలు సర్దుతూ రూతమ్మ ఆ కాగితం చూసింది. అందులో ఉన్నవన్నీ ఇంగ్లీషు అక్షరాలు. ఆయన నోట వచ్చినవన్నీ తెలుగు మాటలు. పెద్ద చదువులంటే అలాగే ఉంటాయి కాబోలనుకుని కాగితం మడిచి కుర్చీలో పెట్టేసింది.

గ్రామ సచివాలయం గోడ మీద అంటించిన పథకం నిబంధనలు మాత్రం ఆమె మొదటి నుంచి చివరి దాకా చదివింది. పద్నాలుగు ఉన్నాయి. ఆ నోటీసును అక్కడ నిలబడి చదివిన మనిషి ఊళ్ళో ఆమె ఒక్కతే. అది ఎవరూ చూడకూడదని కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని చదివింది.

మరుసటి వారం దరఖాస్తు పట్టుకుని మండలాఫీసుకు వెళితే సూపరింటెండెంటు వేదాద్రి గారు కుర్చీలోంచి లేవకుండానే వివరించారు.

“దరఖాస్తును అభ్యర్థి స్వదస్తూరీతో పూర్తి చేయవలెనమ్మా. పరుల చేత రాయించినచో, సదరు అభ్యర్థికి అక్షరజ్ఞానం గల వ్యక్తులతో సంబంధ బాంధవ్యాలు ఉన్నట్లు భావింపబడును.”

“నాకు చదువు రాదని నేనే రాయాల్నా సారూ?”

“నిబంధన అదే చెబుతున్నది.”

ఈ చిక్కు మీద పైకి ఉత్తరం వెళ్ళింది, పది రోజులకు జవాబు వచ్చింది. ఏమీ నింపని దరఖాస్తును సక్రమంగా నింపిన దరఖాస్తుగా పరిగణించవచ్చునన్నారు. నూట పన్నెండు మంది తల్లులు నూట పన్నెండు ఖాళీ కాగితాలు ఇచ్చారు. ఏ ఖాళీ ఎవరిదో తెలియక మరో నాలుగు రోజులు ఆగి, ఫొటోలు అంటించారు.

అంతలో అదే మేడ మీద గదిలో ఉన్న వయోజన విద్యాశాఖ అభ్యంతరం పెట్టింది. ఈ జిల్లాను సంపూర్ణ అక్షరాస్య జిల్లాగా ఇరవై ఏళ్ళ కిందటే ప్రకటించి, ఊరేగింపు కూడా చేశామనీ, కాబట్టి ఇక్కడ నిరక్షరాస్యులు ఉండే అవకాశమే లేదనీ రాశారు. కింది గది వాళ్ళు మీది గది వాళ్ళకు, మీది గది వాళ్ళు కింది గది వాళ్ళకు రెండు వారాలు తపాలాలో ఉత్తరాలు రాసుకున్నారు. చివరికి రాజీ కుదిరింది. ఈ తల్లులు అక్షరాస్యులే గాని, పథకం నిమిత్తం మాత్రమే నిరక్షరాస్యులు. అయితే ఊరికే నమ్మడానికి లేదు. పరీక్ష పెట్టాలి. ఆ పరీక్షలో తప్పినవాళ్ళే ఉత్తీర్ణులు.

ఈ మాట వినగానే రూతమ్మకు అన్నం సయించలేదు. ఆమె జీవితంలో పరీక్ష పాసవుతానేమోనని భయపడటం ఇదే మొదలు.

“అమ్మా, నువ్వు నోరు మూసుకుని కూర్చుంటే చాలు గదా,” అంది కరుణశ్రీ.

“నోరైతే మూస్తనే. కళ్ళు ఎట్టా మూసేది? అక్షరం కనపడితే అదే చదువుకుంటది నా కన్ను. నేను చెప్తే ఇంటదా?”

ఊళ్ళో ఎవరిని అడగాలో రూతమ్మకు తెలుసు. డెబ్బై దాటిన ఆదెమ్మ గనిలో రాళ్ళు మోసి మోసి నడుము వంగినది. అక్షరం అన్నది ఆమె దగ్గరికి ఎన్నడూ రాలేదు. రూతమ్మే కాక, అయిదో తరగతి దాకా చదివిన మరో ఇద్దరు తల్లులు కూడా మధ్యాహ్నం పూట ఆదెమ్మ చూరు కింద చేరారు, చదువు రాకుండా ఉండటం నేర్చుకోవడానికి.

మొదటి రోజు రూతమ్మ తెలివిగా కాగితం తలకిందులుగా పట్టుకుని చూపించింది. ఆదెమ్మకు కోపం వచ్చింది.

“నాకు అక్షరం రాదు గాని బుద్ధి కూడా లేదనుకున్నవా? కాయితం మీద సింహాల బొమ్మ ఉండదా? అది ఎటుంటే అటు పైన. చదువు రానోళ్ళు ఎవురూ తిరగేసి పట్టుకోరు. చదువుకున్నోళ్ళు మమ్మల్ని ఎక్కిరించేటప్పుడు పట్టుకుంటరు అట్టా.”

తర్వాత ఒక్కొక్కటే చెప్పింది. కాగితం ఇస్తే కాగితాన్ని చూడకూడదు, ఇచ్చినవాడి ముఖం చూడాలి. అందులో ఏముందో సగం అక్కడే రాసి ఉంటుంది. తర్వాత నిదానంగా మూడుసార్లు తల ఊపాలి. అప్పుడు పక్కవాడికి అందించి, నువ్వొకసారి చూడమనాలి. మరీ వదలకపోతే, కళ్ళజోడు ఇంటి దగ్గర మర్చిపోయానని చెప్పాలి.

“నీకసలు కళ్ళజోడు లేదు గదత్తా,” అంది రూతమ్మ.

“లేకపోతే మర్చిపోకూడదా?” అంది ఆదెమ్మ. “ఇంకోటి. ఏలు పెట్టమంటే మాత్రం పెట్టమాక. సదివి ఇనిపించమను. గుమస్తాను అడగొద్దు, వాడు వాడికి కావాల్సిందే సదువుతాడు. గదిలో అందరికన్నా పెద్దోడెవడో చూసుకుని వాణ్ణడుగు.”

పరీక్షనాటికి రూతమ్మ ఎంత బాగా నేర్చుకుందంటే, బజారులో తన ఫ్యాక్టరీ బోర్డు చూసి ఇదేం ఫ్యాక్టరీ అని ఒకరిని అడిగింది.

పరీక్ష జిల్లా కేంద్రంలో, పాత హైస్కూల్లో. సాయానికని ఆదెమ్మ కూడా బస్సెక్కింది. గేటు దగ్గర పెద్ద బోర్డు: ‘చదవడం వచ్చినవారు ఇక్కడే ఆగవలెను.’ పదకొండుమంది తల్లులు ఆగారు. వాళ్ళను అటు నుంచి అటే పంపించేశారు. రూతమ్మ కన్ను బోర్డును చదివేసింది గాని, ఆమె కాళ్ళను ఆగనివ్వలేదు. కాపలావాడి ముఖం చూస్తూ లోపలికి నడిచింది.

లోపల చదువు రాని అభ్యర్థుల కోసం మూడు పేజీల సూచనలు అచ్చు వేసి పంచారు. ఆమె నిదానంగా మూడుసార్లు తల ఊపి పక్కావిడకు అందించింది. పక్కావిడా మూడుసార్లు ఊపింది. ఇన్విజిలేటరుగా వచ్చిన పంతులమ్మ ఏదో రాసుకుని ముందుకు సాగింది.

అప్పుడు చిన్న గందరగోళం జరిగింది. వరండాలో బెంచీ మీద కూర్చున్న ఆదెమ్మను కూడా ఎవరో అభ్యర్థి అనుకుని లోపలికి తీసుకెళ్ళి, ముందు బోర్డున్న ఒక బస్సు ఫొటో చూపించి ఇది ఎక్కడికి పోతుందని అడిగారు. ఎర్ర బస్సు, ముందు అద్దం కింద సొట్ట, రోజూ మా ఊరి మీదుగా పోయేదే, ఎక్కడికి పోతుందో ఆ మాత్రం తెలియదా అని ఆదెమ్మ పేరు పేరునా స్టేజీలన్నీ చెప్పేసింది. బస్సు బోర్డును తప్పుల్లేకుండా చదివినట్లు నిర్ధారించి, ఆమెకు అక్కడికక్కడే అక్షరాస్యతా పత్రం ఇచ్చారు. మీది గది వాళ్ళు దాన్ని తమ లెక్కలో వేసుకున్నారు.

ఆదెమ్మ ఆ పత్రం పట్టుకుని నేరుగా రూతమ్మ బల్ల దగ్గరికి వచ్చింది. ముఖం వెలిగిపోతోంది. “పాసయ్యానంటనే. ఏం రాశారో సదువు.”

పంతులమ్మ కలం ఆగింది. రూతమ్మ కాగితం చూడకుండా ఆదెమ్మ ముఖమే చూసింది. “నాకేం తెలుసత్తా,” అంది. “కళ్ళజోడు ఇంటికాడ మర్చిపోయిన.”

ఆదెమ్మ ఒక్కక్షణం ఆమెను చూసి, శిష్యురాలి పనితనం మెచ్చినట్లు తల ఊపి వెళ్ళిపోయింది.

అంతా అయిపోయిందనుకున్నారు. చివరిగా తలా ఒక పలక, బలపం ఇచ్చి, తోచింది చెయ్యమన్నారు. కొందరు పలకను ఒళ్ళో పెట్టుకున్నారు, ఒకావిడ విసురుకుంది. రూతమ్మ ఆ సమయంలో కరుణశ్రీ పెట్టె గురించి ఆలోచిస్తోంది. పెట్టెకు తాళం లేదు. వసతి గృహంలో ఎవరైనా పిల్ల బట్టలు తీసేస్తే? జ్వరం వస్తే ఎవరు చూస్తారు? ఆమె చెయ్యి ఆమెను అడగలేదు. అరచెయ్యి పలకను తుడిచింది. వేలి కణుపు అంచు మీద కొట్టింది. మోత బాగుంది, రాయి గట్టిదే. బలపం అందుకుంది.

చూసుకునేసరికి పలక మీద ‘అ’ ఉంది. గుండ్రంగా, పన్నెండేళ్ళ అలవాటు మీద, అచ్చు వేసినట్లుంది. చెరపబోతే పంతులమ్మ చేయి పట్టుకుంది.

సాయంత్రం నాలుగు గంటలకు ఫలితాలు చదివారు. రూతమ్మ ‘సందేహాస్పద నిరక్షరాస్యురాలు’. అలాంటివాళ్ళు జిల్లాలో ఆమె ఒక్కతే. అయిదు గంటలకు సీట్ల జాబితా మూసేస్తారు. ఆలోగా డైరెక్టరు గారి కమిటీ ముందు హాజరు కావాలి. సీటు ఇప్పటికి కరుణశ్రీ పేరనే ఉంది. ఉంచాలో తీసెయ్యాలో అయిదులోగా కమిటీ తేల్చాలి; తేల్చకపోతే ఉన్న పేరే ఖాయం.

“అయిపాయె,” అంది రూతమ్మ వరండాలో గోడకు జారగిలబడి. “రేపటి నుంచి అదీ నా పక్కన కూర్చుని పలకలు తుడుస్తది. పదేళ్ళు చదివించి దాని నోట్లో నేనే మట్టి గొట్టిన.”

ఆదెమ్మ తన పత్రాన్ని మడిచి రవికలో పెట్టుకుని, ఆమె వెంట గది గుమ్మం దాకా వచ్చి నిలబడింది.

గదిలో పొడుగు బల్ల. మధ్యలో నిఖిలేశ్వర్ గారు, పక్కన వేదాద్రి గారు. గోడ గడియారం నాలుగూ నలభై చూపిస్తోంది. వేదాద్రి గారు ముందే సిద్ధం చేసి ఉంచిన కాగితం ఒకటి బల్ల మీదుగా జరిపి, పక్కన సిరా డబ్బా మూత తీశారు.

“ఏమీ లేదమ్మా. లాంఛనప్రాయమైన విషయం. ఇక్కడ బొటనవేలి ముద్ర వేసి సుఖంగా ఇంటికి వెళ్ళవచ్చును.”

ఆమె ఆయన ముఖమే చూసింది. కాని కన్ను ఊరుకోదు కదా. ఒక్క రెప్పపాటులో కాగితం మొత్తం చదివేసింది. ‘నా కుమార్తె కరుణశ్రీకి కేటాయించిన సీటును నేను ఎవరి బలవంతమూ లేకుండా, నా ఇష్టపూర్వకంగా వదులుకొనుచున్నాను.’

వేదాద్రి గారు కలం మూత తిప్పుతూ చూస్తున్నారు. ఈ ఉపాయం ఆయన సొంతం. వేలిముద్ర వేస్తే సీటు పోతుంది. వెయ్యనంటే చదివిందన్నమాట, చదివితే సీటు పోతుంది. ఎటు తిప్పినా దస్త్రం మూతపడుతుంది. ఇరవై ఆరేళ్ళ నౌకరీలో ఇంత శుభ్రమైన కాగితం తాను తయారుచేయలేదని ఇందాక టీ దగ్గర అనుకున్నారు కూడా.

రూతమ్మ చెయ్యి సిరా డబ్బా దాకా వెళ్ళింది. అక్కడ ఆగింది.

“సదివి ఇనిపించండి సారూ,” అంది.

“దానికేముంది,” అని వేదాద్రి గారు కాగితం అందుకోబోయారు. ఆయన గొంతు సవరించుకున్న తీరు చూస్తేనే, కాగితంలో లేనిది చదవబోతున్నారని తెలుస్తోంది.

“మీరు గాదు సారూ. పెద్ద సారు సదవాల.”

అప్పుడు వేదాద్రి గారికి పద్నాలుగో నిబంధన గుర్తుకు వచ్చింది. వేలిముద్ర తీసుకొను ప్రతి కాగితమును కమిటీ అధ్యక్షులవారే స్వయముగా చదివి వినిపించవలెను, లేనియెడల ఆ కాగితము చెల్లదు. అది రాసింది ఆయనే. పై నుంచి పద్నాలుగు నిబంధనలు కావాలని అడిగితే, పదమూడు దగ్గర ఆగిపోయి, చదువు రానివాళ్ళు ఎవరు చదవొచ్చారులే అని చివర్లో అది చేర్చారు. ఆయన చెయ్యి వెనక్కి వచ్చి ఒళ్ళో పడింది.

నిఖిలేశ్వర్ గారు కాగితం అందుకున్నారు. అందుకుని, కాగితాన్ని చూడలేదు. ముందు రూతమ్మ ముఖం చూశారు. తర్వాత కాగితం మీది సింహాల బొమ్మ చూసి, దాన్ని సరిగ్గా తిప్పుకున్నారు. నిదానంగా మూడుసార్లు తల ఊపారు.

అది రూతమ్మ ఎక్కడో చూసిన ఊపుడు.

“ఎవ్రీథింగ్ ఈజ్ ఇన్ ఆర్డర్,” అని ఆయన కాగితాన్ని వేదాద్రి గారి వైపు జరిపారు. “మీరొకసారి చూడండి.”

వేదాద్రి గారు దాన్ని ముట్టుకోలేదు. కాగితం బల్ల మధ్యలో ఉండిపోయింది.

“మీరే సారూ,” అంది రూతమ్మ.

ఆయన చొక్కా జేబు తడుముకున్నారు. “యాక్చువల్లీ, నా రీడింగ్ గ్లాసెస్ కారులో మర్చిపోయినట్టున్నాను.”

“ముక్కు మీదున్నయ్యేంది మరి?” అంది గుమ్మంలోంచి ఆదెమ్మ, అక్షరాస్యతా పత్రం ఉన్న మనిషి కాబట్టి ధైర్యంగా.

పంకా తిరిగినప్పుడల్లా కాగితం కొస లేచి పడుతోంది. నాలుగూ యాభై అయింది. డైరెక్టరు గారు రెండు చేతులతో కాగితం పట్టుకుని దానివైపు చూస్తున్నారు. చెవుల అంచులు ఎర్రబడ్డాయి. పెదవి ఒకసారి కదిలి ఆగింది.

రూతమ్మకు ఇంకో భయం పట్టుకుంది. దానియేలు కూడా బ్యాంకు కాగితం వస్తే సరిగ్గా ఇలాగే పట్టుకుని కూర్చుంటాడు. అప్పుడు అడక్కుండానే పక్కన కూర్చుని, వేలు పెట్టి, మెల్లగా చదివి చెబుతుంది. ఎవరైనా మనిషి కాగితం పట్టుకుని అలా కూర్చుంటే ఆమెకు చూస్తూ ఊరుకోబుద్ధి కాదు. ఇటియ్యి నాయనా, నేను చదువుతాననే మాట పెదాల దాకా వచ్చింది. కరుణశ్రీని తలుచుకుని, కొంగు నోట్లో కుక్కుకుంది. గడియారం చూసింది. నాలుగూ యాభై ఆరు. అంకెలు కూడా చదవకూడదేమోనని చప్పున తల దించుకుంది.

నాలుగూ యాభై ఎనిమిదికి నిఖిలేశ్వర్ గారు కాగితం బల్ల మీద పెట్టి, కళ్ళజోడు తీసి దాని మీద ఉంచారు. అది తీస్తే ఆయన ముఖం బాగా చిన్న పిల్లవాడిదిలా ఉంది.

“రాదమ్మా,” అన్నారు. “నాకు తెలుగు చదవడం రాదు. అది నేర్చుకుంటే ఇంగ్లీషు పాడవుతుందేమోనని మా అమ్మకు భయం.”